కొసరు కుర్చీ

మొన్న నందిగామ బస్టాండు పక్క వీధిలో నడుస్తుంటే, కొత్తగా తెరిచిన ఒక కొట్టు ముందు నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. వాటిని ఆపింది నా ముక్కు. తుంగచాప వాసన. తడిసి ఎండిన గడ్డీ, కాలవగట్టు బురదా, నానబెట్టిన తాడు పులుపూ, వీటన్నిటి మీదా పలచగా పరుచుకున్న దుమ్మూ కలిస్తే వచ్చే వాసన అది. గాజు తలుపు వెనక, చిన్న చిన్న దీపాల కింద, ఒకప్పుడు మా నాన్న కొట్లో మూలకి జారేసి ఉండే సరుకే ఇప్పుడు నడుముకి రిబ్బను కట్టించుకుని పెళ్ళికూతురిలా నిలబడి ఉంది.

"యోగా చాపండి, మేడమ్" అని కొట్టతను ధర చెప్పాడు. నేను అందులో మూడోవంతు అడిగాను. సగం అడగడం చుట్టాల కొట్లో అయితేనే. అడుగుతూనే వంగి చాపకి ముక్కు ఆనించాను.

"వాసన చూసి కొనటానికి అదేమన్నా నెయ్యా అండి?"

"నెయ్యయితే రుచి చూసేదాన్నే. అంచు చూడు నాయనా, తుంగ అని చెప్పి లోపల ప్లాస్టిక్ దారం పోసావు."

అరగంట నడిచింది బేరం. ఆఖరికి అతను నీరసించి నేనడిగిన ధరకే ఇస్తానన్నాడు. అప్పుడు నేను కొనకుండా వచ్చేశాను. నా వెనక అతను ఏమనుకుని ఉంటాడో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు, ఎందుకంటే అలాంటి మనుషుల గురించి అలాంటి మాటలు వింటూనే పెరిగాను. అసలు కారణం మాత్రం అతనికి చెప్పలేకపోయాను. చాప కొంటే దానిమీద కూర్చోవాలి. కూర్చుంటే లేవాలి.

మాది జగ్గయ్యపేట. కిరాణా, బంగారం, బట్టలు, ఎరువులు అమ్మే వైశ్యుల కొట్ల వరసలో, రెండు పెద్ద కొట్ల మధ్య మరిచిపోయిన సందులాగా ఉండేది మా కొట్టు. చాపలు, చేటలు, బుట్టలు, చీపుర్లు, కొబ్బరితాళ్ళు. లోపలికి ఒక మనిషి సరుకు కోసం వస్తే మాలో ఒకరు బయటికి రావాల్సిందే, అంత వెడల్పు. క్వారీల నుంచి సున్నపురాయి లారీ వెళ్ళినప్పుడల్లా బజారంతా తెల్లటి పొడి జల్లుకుని, అందరం ఒక్కసారిగా ముసలివాళ్ళమైపోయేవాళ్ళం. ఎండాకాలం మిరపకాయలొస్తే, ధర చెప్పేవాడు తుమ్మి, అడిగేవాడు తుమ్మి, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య బేరం తెగేది. మా పక్క కిరాణా కొట్టు శెట్టిగారు నాకు ఈ విద్యలో గురువు. ఆయన కొట్టు అరుగు మీద కూర్చుని బెల్లం ముక్క చప్పరిస్తూ నేను నేర్చుకున్నంత బళ్ళో నేర్చుకోలేదు. "ధర చెప్పేటప్పుడు సరుకు వంక చూడకమ్మాయ్, వచ్చినోడి చెప్పుల వంక చూడు" అనేవారు. ఇంకోటి కూడా చెప్పారు: "బేరమాడకుండా ఇచ్చేసేవాణ్ణి చూస్తే భయపడాలి. సరుకులో అన్నా ఏదో చచ్చుండాలి, మనిషిలో అన్నా."

కొట్టుకీ ఇంటికీ మధ్య మా గుడి ఉండేది. గుడి అంటే చర్చే, మేము అలాగే అంటాం. సున్నం వేసిన గోడలు, పెంకుల కప్పు, గేటు పక్క ఇనప కమ్మీతో కొడితే మోగే రైలుపట్టా ముక్క. లోపల నేలంతా చాపలే, ఆ చాపలన్నీ మావే. మా తాతయ్య, అంటే నాన్నవాళ్ళ నాన్న, గుడి ఇంకా తాటాకు పాకగా ఉన్నప్పుడు మొదటిసారి చాపలు పరిచాడట. ఆయన పోయాక ఆ పుణ్యం నాన్నకి వారసత్వంగా వచ్చింది. ప్రతి క్రిస్మస్‌కీ సంఘం పాతవి తీసేసి కొత్త చాపలు కొనేది, నాన్న లాభం లేకుండా ఇచ్చేవాడు. లాభం లేకుండా అని నాన్నే చెప్పేవాడు. దేవుడికీ నాన్నకీ తప్ప మూడోవాడికి తెలియని సంగతి గనక నేను వాదించను.

శనివారం సాయంత్రం చాపలు దులపడం పిల్లల పని. ఇద్దరు చెరో అంచూ పట్టుకుని విదిలిస్తే, ఆ దుమ్ములో వారం నాటి వేరుశెనగ పొట్టు, తెగిన గాజు ముక్క, ఎవరిదో పిన్నీసు, ఒక్కోసారి కానుకపళ్ళెంలోకి వెళ్ళకుండా తప్పించుకున్న పావలా బయటపడేవి. పావలా దొరికితే దాన్ని దేవుడికివ్వాలా దొరికినవాళ్ళకివ్వాలా అన్న చర్చలో నేనెప్పుడూ దొరికినవాళ్ళ పక్షం. చాపలో ఒక పిల్లని పెట్టి చుట్ట చుట్టి గుడి ఈ మూల నుంచి ఆ మూలకి దొర్లించేవాళ్ళం. లోపలున్న పిల్ల కళ్ళు తిరిగి బయటికొచ్చి, బలిపీఠం ఏ దిక్కునుందో తెలియక గోడకి దణ్ణం పెట్టేది. ఆదివారం ఆడవాళ్ళు కుడివైపు, మగవాళ్ళు ఎడమవైపు, పిల్లలు ముందు. ప్రసంగం పొడుగైతే చాపలోంచి ఒక్కొక్క తుంగపుల్లా లాగేవాళ్ళం, కాబట్టి ఎంత పొడుగు ప్రసంగం చేసే పాస్టరు అయ్యగారైతే అంత త్వరగా చాపలు చిరిగి మా కొట్టుకి అంత మంచిది. ఆరాధన అయ్యి లేచేసరికి పిక్కల మీదా మోచేతుల మీదా చాప అల్లిక అచ్చుపడి ఉండేది. ఎవరి అచ్చు లోతుగా ఉంటే వాళ్ళకి భక్తి ఎక్కువని పందెం. క్రిస్మస్ నాడు చాపలన్నీ ఎత్తి బయట ఆవరణలో పరిచి, విస్తళ్ళు వేసి, గుమ్మడికాయ ముక్కల దప్పళం, వంకాయ కూర, బూందీ వడ్డించేవాళ్ళు. దప్పళం ఒలికిన చాప మీద కొత్త సంవత్సరం దాకా చీమలు కూడా ఆరాధనకొచ్చేవి.

మా మామ్మ మరియమ్మ, నాన్నవాళ్ళ అమ్మ, ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద గోడవార కూర్చునేది. ఆ చోటు మీద ఆమె పేరు రాసి లేదు గాని, కొత్తగా కాపరానికొచ్చిన కోడలు తెలియక అక్కడ కూర్చుంటే నలుగురు దగ్గేవాళ్ళు. ఆమె పక్కన సుందరమ్మ. వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చుని, పాటలో ఎవరి గొంతు పైన వినపడాలన్న విషయం మీద పోటీ పడుతుండేవాళ్ళు.

ఒక ఈస్టరు పండుగనాడు, అందరం ఆఖరి ప్రార్థనకి లేచినప్పుడు, మామ్మ లేవలేదు. మోకాళ్ళు పట్టేసి, కాలు తిమ్మిరెక్కింది. గోడ పట్టుకుంది, జారింది. పక్కన నిలబడ్డ పాస్టరమ్మగారి పమిట పట్టుకుంది. అమ్మగారు అమాంతంగా వచ్చి మామ్మ ఒళ్ళో కూర్చున్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న అయ్యగారికి తప్ప గుడి మొత్తానికి కనపడింది. పిల్లలం నవ్వాం, కోడళ్ళు పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు, మామ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం కాళ్ళు కడుక్కుంటూ చాలాసేపు తొట్టి దగ్గరే నిలబడిపోయింది.

తర్వాతి ఆదివారం పొద్దున ఆమెకి జ్వరం. ఆ తర్వాతి ఆదివారం కూడా. సోమవారం నుంచి శనివారం దాకా పచ్చళ్ళు పెట్టి, పిడకలు చరిచి, మజ్జిగ చిలికి, కూరగాయలమ్మాయితో పోట్లాడే మనిషికి, ఆదివారం గంట మోగేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మధ్యాహ్నం కోడికూర ఉడికే వేళకి దిగిపోయేది. ఆమెకి తోడుగా ఎవరన్నా ఇంట్లో ఉండాలని అమ్మ అంటే నేను ముందుకొచ్చాను. దయతో కాదు. సండేస్కూల్లో ఆ వారం కంఠతా పట్టాల్సిన వాక్యం నాకు రాలేదు.

అందరూ వెళ్ళాక చూద్దును కదా, దుప్పటి ముసుగు తీసి మామ్మ లేచింది. తెల్లచీర కట్టుకుంది. వడ్లు పోసే చెక్కపెట్టె మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. గుడి మైకులోంచి పాట వీధి దాటి వచ్చేసరికి ఇక్కడ అందుకుంది. సుందరమ్మ గొంతు పైన వినపడుతుంటే ఇంకో మెట్టు ఎక్కి పాడింది, అంత దూరం నుంచీ ఓడటానికి ఇష్టపడక. ప్రార్థన దగ్గర కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నేనెదురుగా ఉన్నాను.

"మామ్మా, నీకు జ్వరం లేదు."

"మోకాళ్ళకుందే. మీ నాన్నతో చెప్పకు."

"చెప్తే?"

"ముక్కాలిపీట ఏసి కూర్చోపెడతాడు. అందరూ కింద కూర్చుంటే నేనొక్కదాన్నే పీటెక్కి కూర్చోనా, పెళ్ళికూతుర్లాగా? ఆ చాపలు మీ తాతవి. ఆయన ఏసిన చాప మీద కూర్చోలేనని ఆయన పెళ్ళాన్నయ్యుండి నేనే చెప్పాలా?"

నాకు అందులో దుఃఖం కనపడలేదు. సరుకు కనపడింది. పెట్టెకి పైన ఉట్టిలో వేరుశెనగ ఉండల డబ్బా ఉంది. నోరు మూసుకున్నందుకు ఒక ఆదివారానికి ఒక ఉండ అని మొదలుపెట్టి, పాస్టరమ్మగారు జ్వరం సంగతి అడిగారని చెప్పి రెండు చేశాను. బెల్లం ముదురుపాకంలో యాలక్కాయ వేసి, వేడి మీద అరచేతులకి నెయ్యి రాసుకుని చుట్టిన ఉండలు. కొరికితే పళ్ళు ఒక క్షణం అతుక్కుపోయేవి, ఆ క్షణం అబద్ధం చెప్పడానికి కూడా నోరు తెరుచుకునేది కాదు.

వానాకాలంలో కొత్త అయ్యగారొచ్చారు. చిన్నవాడు, కళ్ళజోడు, సైకిలు కాకుండా మోపెడ్డు. వచ్చిన రెండో నెలలో ఒక సాయంత్రం సంఘాన్ని కూర్చోబెట్టి, "కుర్చీలు వేయించుకుందామండి, పెద్దవాళ్ళకి సుఖంగా ఉంటుంది" అన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. కుర్చీలేస్తే సినిమాహాలులా ఉంటుందన్నారొకరు. మోకరించడానికి చోటుండదన్నారింకొకరు. సుందరమ్మ లేచి, అంటే మోకాలి మీదికి చెయ్యి ఆనించి మూడు విడతలుగా లేచి, "చాప తీసేసిన రోజున నేను గుడి గుమ్మం తొక్కను" అంది. ఆఖర్న మా నాన్న లేచాడు.

"అయ్యగారూ, మా అమ్మ జబ్బుతో మంచాన ఉందండి. మా నాన్న ఏసిన చాపలు తీసేసారని తెలిస్తే ఆమె గుండె ఆగిపోద్దండి. పెద్దోళ్ళ మనసు కష్టపెట్టి మనం సుఖపడదామా అండి?"

అందరి కళ్ళూ తడిశాయి. నాన్నవి కూడా. ఆ తడిలో తల్లి మీద ప్రేమ ఎంత, చాపల కొట్టు మీద బెంగ ఎంత అన్నది విడదీయడం నా వల్ల కాదు, ఆయన వల్ల కూడా అయ్యుండదు. ముందు వరసలో కూర్చున్న నాకు ఒక్కదానికే నిజం తెలుసు. నోరు తెరిస్తే చాలు. కాని కుర్చీలొస్తే జ్వరం పోతుంది, జ్వరం పోతే ఉండలు పోతాయి. నేను తలవంచుకుని తుంగపుల్ల లాగుతూ కూర్చున్నాను. రెండు వేరుశెనగ ఉండల కోసం ఒక సంఘం అభివృద్ధిని ఆపిన ఘనత మా జిల్లాలో నాదే అయ్యుంటుంది.

అయ్యగారు చిన్నవాడైనా మెత్తటివాడు కాదు. ఇరవై కుర్చీలు తెచ్చి వెనక వేసి చూద్దాం, నచ్చకపోతే తిప్పి పంపేద్దాం అన్నారు. నందిగామలో ప్లాస్టిక్ సామాన్లు టోకున అమ్మే కొట్టుంది. బేరానికి ఎవరు వెళ్ళాలి? సంఘంలో బేరమాడగలిగినవాడు మా నాన్న ఒక్కడే. ఇష్టం లేని సరుకు కోసం, ఎవరికీ అక్కర్లేదని తాను నమ్మిన సరుకు కోసం, ఆ మనిషి బస్సెక్కి నందిగామ వెళ్ళి మధ్యాహ్నం భోజనం మానేసి మరీ బేరమాడాడు. ఆడకుండా ఉండలేకపోయాడు. నెలలోపు నచ్చకపోతే మాట లేకుండా వెనక్కి తీసుకోవాలని ఒప్పించాడు. అది చాలక కొసరు అడిగాడు. కూరగాయలకి కొసరుగా కొత్తిమీర అడుగుతారు, మా నాన్న కుర్చీలకి కొసరుగా కుర్చీ అడిగాడు. ఆ కొట్టాయన విసిగిపోయి, జత తప్పి మూలపడి ఉన్న ఒక నీలం కుర్చీ విసిరేశాడు. ఇరవై తెల్లవి, ఒక నీలంది. "ఎట్టా తెచ్చానో చూడు!" అని ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకుని మురిసిపోయి, అంతలోనే తాను కుర్చీలకి వ్యతిరేకినని గుర్తొచ్చి మొహం ముడుచుకున్నాడు.

మొదటి ఆదివారం కుర్చీలు గుడి వెనక గోడవార రెండు వరసలుగా వేశారు. ఒక్కడూ కూర్చోలేదు. అయ్యగారికి ఇది అర్థం కాలేదు, ఆయన ఎక్కడో పట్నంలో చదువుకొచ్చినవాడు. పెద్దవాళ్ళు ముందు చాపల మీద నేల మీదుంటే, వెనక కుర్చీ ఎక్కిన వాడి కాళ్ళు వాళ్ళ నెత్తికి ఎదురుగా ఉంటాయి. ఎవరు కూర్చుంటారలా? ముందున్న ముసలివాళ్ళు లేచి వెనక్కి వెళ్దామంటే, నలభై ఏళ్ళ చోటు వదులుకుని వెనక్కి వెళ్ళడం ఎవరికిష్టం? సందుల్లేకుండా చాపల మీదే కిక్కిరిసి కూర్చున్నారు. ఇరవయ్యొక్క కుర్చీలు మాత్రం వేరే ఊరి నుంచి వచ్చిన పెళ్ళిచూపులవాళ్ళలా వెనక బిగదీసుకుని కూర్చుని ఆరాధన చూశాయి. మూడో ఆదివారానికి వాటికి ఉపయోగం దొరికింది. గొడుగులు, క్యారేజీలు, నిద్రపోయిన పసిపిల్లలు.

"చూసారా అండీ, సంఘానికి అక్కర్లేదు" అన్నాడు నాన్న. నెల అయిపోవచ్చింది. వచ్చే సోమవారం తిప్పి పంపేద్దామని తీర్మానమైంది. నాన్న శుక్రవారమే కొట్టు నుంచి కొబ్బరితాడు తీసుకెళ్ళి కుర్చీలన్నీ ఒకదాని మీదొకటి పేర్చి బిగించి కట్టొచ్చాడు. సొంత సరుకు, తాడుకి కొరతేముంది.

ఆ శనివారం పొద్దున అయ్యగారు మా ఇంటికొచ్చారు. మర్నాడు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చే రోజు. ఈస్టరు నుంచీ మరియమ్మగారు బల్ల తీసుకోలేదు కదా, మంచం దగ్గరికే తెచ్చి ఇస్తానన్నారు. మోపెడ్డు చప్పుడు వినగానే మంచమెక్కిన మామ్మ దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుని ఉంది.

"వద్దు లెండి అయ్యగారూ."

"అదేంటమ్మా? జబ్బుగా ఉన్నవాళ్ళకి ఇంటికొచ్చి ఇస్తాం కదండీ."

"జబ్బుగా ఉన్నోళ్ళకి ఇస్తారు" అని, మొహం గోడవైపు తిప్పుకుంది. "నేను వస్తాలెండి, గుడికే వస్తా."

ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. మామ్మ లేచి కూర్చుని నన్ను పిలిచింది.

"అబద్ధం కప్పుకుని బల్ల తీసుకోగూడదే రూతూ. అది మాత్రం నా వల్ల కాదు." తర్వాత ఉట్టి దించి, ఉండల డబ్బా, మూతతో సహా, మొత్తం డబ్బా నా చేతిలో పెట్టింది. "తీసుకో. ఇంక నీకు లెక్కపెట్టి ఇవ్వక్కర్లేదు. కుర్చీలు ఎల్లుండి పోతాయంటగా. నా గుడి ఇంక ఈ వడ్లపెట్టే."

పదహారో పద్దెనిమిదో ఉన్నాయి ఉండలు. జీవితంలో నాకు తగిలిన అతి పెద్ద బేరం. ఒకటి నోట్లో పెట్టుకున్నాను. మింగుడుపడలేదు. శెట్టిగారి మాట అడ్డం పడింది. బేరమాడకుండా మొత్తం ఇచ్చేసింది మామ్మ. సరుకు బాగానే ఉంది, యాలకుల వాసన గుమ్మెత్తిపోతోంది. అంటే చచ్చింది సరుకులో కాదు.

డబ్బా చంకన పెట్టుకుని కొట్టుకి పరిగెత్తాను. నాన్న చేటలు పేరుస్తున్నాడు. ఒక్క గుక్కలో చెప్పేశాను, మోకాళ్ళు, పెట్టె, తెల్లచీర, అన్నీ. నాన్న చేతిలో చేట కింద పెట్టాడు.

"ఎప్పుట్నించి?"

"ఈస్టరు నించి."

"నీకు ఎప్పుట్నించి తెలుసు?"

"ఈస్టరు అయిన రెండో వారం నించి."

ఆయన వేళ్ళు మడిచి వారాలు లెక్కపెట్టుకున్నాడు. "అమ్మనీ! ఎన్ని తిన్నావే?" అన్నాడు. కొట్టడానికి చెయ్యి లేపి, ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. పక్క కొట్లోంచి అంతా విన్న శెట్టిగారు తలబయటపెట్టి, "దానయ్యా, పిల్లని ఏమనమాక. నువ్వు మీ అమ్మ పేరు చెప్పి సభ గెలిచావు, అది మీ అమ్మ పేరు చెప్పి ఉండలు తింది. ఇద్దరూ ఒకటే యాపారం" అన్నారు.

ఆదివారం పొద్దున గంట మోగింది. మామ్మ దుప్పటి కప్పుకుంది. నాన్న వచ్చి నుదురు మీద చెయ్యేసి చూశాడు.

"చల్లగా ఉందేంటే అమ్మా?"

"లోపల కాస్తోందిరా."

"లోపలి జ్వరానికి మందు నందిగామ నించి తెచ్చా గాని, లే. చీర కట్టుకో."

మామ్మ నా వంక చూసింది. నేను పైకప్పు వాసాలు లెక్కపెట్టాను. ఆమె లేవలేదు. "మీ నాన్న చాపలురా" అంది. నాన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు. "అవునే. అవి తీసేస్తే నాన్న ఏమనుకుంటాడోనని నాకూ..." అన్నాడు. ఆ మాటతో మామ్మే లేచి కూర్చుంది.

"మీ నాన్న చాపలేసిన్నాడు ఏం జరిగిందో నీకెవరూ చెప్పలా? అప్పటిదాకా ఇసకలో కూర్చునేవోళ్ళం. దేవుడి కాడ చాపలేంటి, పేరంటానికొచ్చామా అని పెద్దోళ్ళంతా నెల్లాళ్ళు చాప పక్కన ఇసకలోనే కూర్చున్నారు. సుందరమ్మ అత్తగారైతే చాప తగలకుండా చీర ఎత్తి పట్టుకుని నడిచేది. ఆయన ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ చచ్చాడు."

నాన్న నోరు తెరుచుకుని విన్నాడు. జీవితమంతా కాపాడుకొచ్చిన పాతకాలం, దాని కాలంలో కొత్త ఫ్యాషనని తెలిస్తే ఏ మనిషికైనా అలాగే ఉంటుంది.

మేము రిక్షాలో వెళ్ళేసరికి మొదటి పాట నడుస్తోంది. నాన్న ముందు పరిగెత్తి వెనక్కెళ్ళి కుర్చీల కట్టు విప్పడం మొదలుపెట్టాడు. తాళ్ళ వ్యాపారి వేసిన ముడి, అంత తొందరగా ఊడుతుందా? పాట అయిపోయింది. ముడి ఊడలేదు. అయ్యగారికి ఏదో అర్థమై రెండో పాట ఎత్తుకున్నారు, తర్వాత మూడోది. అంతా మెడలు తిప్పి వెనక్కి చూస్తూ పాడుతున్నారు. ఆఖరికి పళ్ళతో ముడి లాగి, పైనున్న నీలం కుర్చీ నెత్తిన పెట్టుకుని, చాపల మధ్య నుంచి మనుషుల్ని దాటుకుంటూ ముందుకి నడిచి, ఆడవాళ్ళ వైపు గోడవార మామ్మ చోట్లో వేశాడు.

మామ్మ కుర్చీ దాకా వచ్చి నిలబడిపోయింది. చుట్టూ అందరూ నేల మీద. ఆమె చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది గాని కూర్చోదు. అప్పుడు కింద నుంచి సుందరమ్మ గొంతు లేచింది.

"ఒరే దానం, నాకూ ఒకటెయ్యరా. పాపం మరియమ్మ ఒక్కతే ఏం కూర్చుంటది, తోడుకి."

చాప తీస్తే గుమ్మం తొక్కనన్న మనిషి. నాన్న పరిగెత్తి ఒక తెల్ల కుర్చీ తెచ్చాడు. సుందరమ్మ కూర్చుంది, కాళ్ళు చాపుకుంది, "అమ్మయ్య" అంది. ఆ అమ్మయ్య మైకులో పడింది. అప్పుడు మామ్మ కూర్చుంది. వెంటనే సుందరమ్మకి తోడుగా ఇంకొకామె. మగవాళ్ళ వైపు నుంచి, ఆడవాళ్ళు మాత్రమే కూర్చుంటే బాగుండదని, వాళ్ళకి తోడుగా ఒక తాత. ఆయనకి తోడుగా ఆయన బావమరిది. తనకి కావాలని కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు, అంతా పక్కవాళ్ళ కోసమే. ఇరవై రెండోవాడు తోడు రావడానికి లేచేసరికి కుర్చీలు లేవు. కుర్చీలేస్తే సినిమాహాలే అన్న పెద్దాయన అతను. "మనిషికొకటి లెక్కేసి తేవాలిగా, ఇదేం బేరం దానయ్యా!" అని గుడిలోనే నాన్నని కేకలేశాడు.

ఆ రోజు మామ్మ బల్ల తీసుకుంది. పాట దగ్గర ఆమె గొంతు సుందరమ్మ గొంతు మీద ఎక్కి కూర్చుంది.

సోమవారం నందిగామ వెళ్ళాల్సిన కుర్చీలు వెళ్ళలేదు. ముందు వరసల్లో కుర్చీలు రావడంతో వాటి వెనక చాపల మీదున్నవాళ్ళకి కుర్చీల కాళ్ళు తప్ప ఏమీ కనపడేది కాదు. వాళ్ళూ కుర్చీలడిగారు. వాళ్ళ వెనకవాళ్ళూ అడిగారు. ఏడాది తిరిగేసరికి గుడి అంతా కుర్చీలే. సంఘం మార్పుని సంతోషంతో స్వీకరించిందని వార్షిక కూటంలో గొప్పగా చదివారు గాని, నిజానికి కనపడక అడిగాం, అంతే. నాన్న కొన్నాళ్ళు దిగులుపడి, తర్వాత కొట్లో సగం ఖాళీ చేసి ప్లాస్టిక్ కుర్చీలు పెట్టాడు. మామ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ నీలం కుర్చీ మీదే కూర్చుంది. చేతులాన్చుకోవడానికి వీలుండటం వల్ల ప్రసంగం మొదలైన ఐదో నిమిషానికల్లా హాయిగా నిద్రపోయేది. ఆదివారం జ్వరం మళ్ళీ రాలేదు. ఉండలూ రాలేదు.

ఇప్పుడవేవీ లేవు. శనివారం సాయంత్రం దులపడానికి ఏమీ లేదు. పిక్కల మీద అల్లిక అచ్చు ఎలా ఉంటుందో మా పిల్లలకి చెప్పి అర్థమయ్యేలా చేయలేను. మా కొట్టున్న సందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. వాటి మీద ధర చీటీ ఉంటుంది, బేరం లేదట. శెట్టిగారి అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఆ దుమ్ము వాసన ముక్కుకి తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆగవని చెప్తే అబద్ధం. కాని గుడిలో చాపలు మళ్ళీ వేద్దామని ఎవరన్నా అంటే మాత్రం మొదట కాదనేది నేనే.

పెళ్ళయి నందిగామ వచ్చాక, బేరాలకి పనికొస్తానని ఇక్కడి గుడి కమిటీలో నన్నూ వేశారు. పోయిన నెల మా యువజనులు పాటలపుస్తకాలు తీసేసి గోడకి పెద్ద తెర పెట్టి, పాటలన్నీ దానిమీద వేద్దామన్నారు. నాకు ఒళ్ళు మండింది. అట్టలు ఊడిన ఆ పుస్తకాలు, పేజీల మధ్య ఎండిన పువ్వులు, మొదటి పేజీలో ముత్తాతల సంతకాలు! లేచి నిలబడి, "పెద్దవాళ్ళ మనసు కష్టపడుతుందండీ" అందామని నోరు తెరిచి, మద్దతు కోసం గదిలో పెద్దవాళ్ళెవరా అని చూశాను. అందరికంటే పెద్దదాన్ని నేనే.

ఏడాదిగా నేను పాటలపుస్తకం చేతిలో పట్టుకుంటున్నానే తప్ప చదవడం లేదు. అక్షరాలు చీమల్లా కదులుతాయి. వచ్చిన పాటకి పాడతాను, రాని పాటకి పెదాలాడిస్తాను. ఈ సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

"ఏంటాంటీ, ఏదో అనబోయారు?" అంది ల్యాప్‌టాప్ పట్టుకున్న అమ్మాయి.

"ఏం లేదమ్మా. తెర మీద అక్షరాలు ఎంతలావు వేస్తావో చూపించు."

చూపించింది. చాలవన్నాను. పెంచింది. ఇంకా పెంచమన్నాను.

"ఇంకా పెంచితే లైనుకి రెండు మాటలే పడతాయి ఆంటీ. నాలుగన్నా లేకపోతే ఎట్టా?"

ఆమె నాలుగు మాటల దగ్గర నిలబడింది, నేను ఒకటి దగ్గర మొదలుపెట్టాను. మూడింటి దగ్గర తెగింది.